రూబెనెగ్ వారి ముల్లంగి

శనివారం పొద్దున్నే కాసిమిర్ దొర మంచం దిగకుండానే ఆ రోజు పనులన్నీ నిర్ణయించేశాడు. మొదట పన్ను పీకించుకోవాలి. ఆ తరువాత చర్చిలో ఉన్న తమ వంశపు డాలును దింపించి కడిగించాలి. నొప్పి తగ్గితే, వంటింట్లో పొగకు వేలాడుతున్న పందితొడ ఎంతవరకు మాగిందో స్వయంగా ఒక ముక్క కోసి చూడాలి. మర్నాడు ఆదివారం బిషప్‌గారు తమ ఊరు హోల్‌బాఖ్‌కు వస్తున్నారు. పిల్లలను ఆశీర్వదించి, కోటలో భోజనం చేసి వెళతారు. వాచిన దవడతో, మసిపట్టిన డాలుతో బిషప్‌కు ఎదురు వెళ్ళడం రూబెనెగ్ వంశంలో ఎవరూ చేయని పని.

కోట అంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కరలేదు. ఒక బురుజు, దానికి ఆనుకుని వానొస్తే కారే నాలుగు గదులు. అందులో ఉండేది ఇద్దరే. పెళ్ళి చేసుకోకుండా అరవై ఐదు దాటించిన కాసిమిర్ దొర ఒకరు. ఆ ఇంటి వంటను, ఆ దొరను కలిపి ముప్ఫై ఏళ్ళుగా నడిపిస్తున్న నోట్‌బుర్గ మరొకరు.

“దొరగారూ, మంగలి బల్తాసర్ వచ్చి కూర్చున్నాడు. పట్టకారు నా వంటింటి గుడ్డతో తుడవబోతే లాక్కున్నాను,” అంది నోట్‌బుర్గ, తలుపు దగ్గర నిలబడి.

“ముందు డాలు సంగతి చూడు. పన్ను ఎక్కడికీ పారిపోదు.”

“డాలు మాత్రం పారిపోతుందా? మా తాతల కాలం నుంచీ అక్కడే వేలాడుతోంది. భయమేస్తోందని ఒప్పుకోండి, పోయేదేముంది?”

“రూబెనెగ్ వాళ్ళకి భయమా!”

“మరి ఆ దుప్పటి ఎందుకలా పట్టుకున్నారు?”

దొర దుప్పటి వదిలేసి, హుందాగా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. వారం రోజులుగా ఆయన నోట పట్టింది పులియబెట్టిన ముల్లంగి తురుము ఒక్కటే. “నిన్న పెట్టావే తురుము, అది ఇంకాస్త ఉందా? నీ చెయ్యి పడితే అదో రుచి,” అన్నాడు, మాట మార్చడానికి. “ఆఁ, నా చెయ్యే,” అంటూ నోట్‌బుర్గ ఎందుకో ఆయన కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇక్కడ డాలు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ లోయలో ప్రతి పాత కుటుంబానికీ ఒక వంశచిహ్నం ఉంది. సింహాలను, గద్దలను ముందు వచ్చినవాళ్ళు పట్టుకుపోగా, వెనక వచ్చినవాళ్ళు మిగిలినవాటితో సరిపెట్టుకున్నారు. ఏటి అవతలి వారిది నత్త. పిండిమర దగ్గరి వారిది లాగు, రెండు కాళ్ళూ చాచిన పచ్చలాగు. ఒకరిది జల్లెడ, ఇంకొకరిది మూడు చేపతలకాయలు. ఎవరి డాలును చూసీ ఎవరూ నవ్వరు, నవ్వితే తమ డాలు మాట వస్తుందని అందరికీ తెలుసు. రూబెనెగ్ వారి డాలు గుండ్రటి చెక్క. ఎర్రటి రంగు మీద ఒకే ఒక్క తెల్లని ముల్లంగి దుంప. దుంప పైకి, ఆకులు కిందికి.

ఆకులు కిందికి ఎందుకున్నాయో హోల్‌బాఖ్‌లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. మూలపురుషుడు గాట్‌షాల్క్ ఒకానొక యుద్ధంలో వంటవాళ్ళ గుడారంలో ఉండగా శత్రువులు వచ్చి మీదపడ్డారు. కత్తి అందుబాటులో లేదు. చేతికందిన ముల్లంగిని ఆకుల దగ్గర ఒడిసిపట్టి, గిరగిరా తిప్పి, శత్రుసేనాపతి కణత మీద ఒక్కటి వేశాడు. సేనాపతి పడ్డాడు, యుద్ధం గెలిచారు. పిడికిట్లో ఆకులు, పైన దుంప. ఎలా పట్టుకున్నాడో అలాగే డాలు మీద వేయించి చక్రవర్తి బహూకరించాడు. యుద్ధం జరుగుతుంటే గాట్‌షాల్క్ వంటవాళ్ళ గుడారంలో ఏం చేస్తున్నాడని మాత్రం వంశంలో ఎవరూ అడగలేదు.

ఆ ప్రాంతంలో ఇంకో ఆచారం కూడా ఉంది. ఒక వంశంలో చివరి మగవాడు పోయినప్పుడు చర్చిలో వాళ్ళ డాలును తలకిందులుగా తగిలిస్తారు. ఇక ఆ పేరు మోసేవాళ్ళు లేరని దాని అర్థం. నత్త వారి డాలును అలా తిప్పిన రోజున కాసిమిర్ దొర ముందు వరసలో నిలబడి చూశాడు. ఇంటికొచ్చి ఆ పూట ముద్ద ముట్టలేదు. అప్పటినుంచి చర్చిలో అడుగుపెట్టగానే మొదట తన డాలు వంక చూసి, ఆకులు కిందికే ఉన్నాయని రూఢి చేసుకున్నాకే సిలువ గుర్తు వేసుకుంటాడు. తనతో ఆ ముల్లంగి కూడా తిరగబడిపోతుందన్న దిగులు ఆయనను లోలోపల తినేస్తోంది.

నిజానికి ఆయన చివరివాడు కాడు. తమ్ముడు రూప్రెక్ట్ ఉన్నాడు. రూప్రెక్ట్ పడుచుతనంలో ఆల్ట్‌మార్క్ట్ సంతలో ఊరగాయల వ్యాపారి కూతురిని చేసుకున్నాడు. దొర దాన్ని సహించాడు. మామగారి ముల్లంగి పీపాల మీద రూప్రెక్ట్ వంశపు డాలు ముద్ర వేయించాడు. దాన్ని సహించలేకపోయాడు.

“పీపా దొర్లుతుందిరా!” అని ఆ రోజు అరిచాడు దొర. “స్టేషన్ నుంచి సంతదాకా దొర్లిస్తే మన వంశం ఎన్నిసార్లు తలకిందులై అంతరిస్తుందో ఆలోచించావా?”

“అన్నిసార్లూ మళ్ళీ పుడుతుంది కదా, అన్నయ్యా,” అన్నాడు రూప్రెక్ట్.

ఆ జవాబును క్షమించడం దొర వల్ల కాలేదు. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ఇంట్లో రూప్రెక్ట్ పేరు ఎత్తడానికి వీల్లేదు. దొర ఆ పేరు తలుచుకోని రోజు మాత్రం లేదు.

సరే, ఆ శనివారం సంగతికి వద్దాం. నోట్‌బుర్గ చర్చికి వెళ్ళి, గంటలు కొట్టి కొవ్వొత్తులు చూసుకునే వెండెలిన్ చేత డాలు దింపించింది. వెండెలిన్ మొన్న ఈస్టరుకే కొండ అవతలి నుంచి వచ్చాడు. నెమ్మదైనవాడు, శుభ్రమైనవాడు. ఇద్దరూ సబ్బునీళ్ళు కలుపుతుండగా కోటనుంచి కేక వినిపించింది. నోట్‌బుర్గ పక్కన లేనిదే దొర నోరు తెరవడంలేదని, తెరవని నోట్లో తానేం పీకగలనని బల్తాసర్ కిటికీలోంచి అరుస్తున్నాడు.

“తుడిచేసి సరిగ్గా తగిలించు, నాయనా. జాగ్రత్త, దొరగారి ప్రాణమంతా దాంట్లోనే ఉంది,” అని చెప్పి ఆమె పరుగుతీసింది.

వెండెలిన్ శ్రద్ధగా తుడిచాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న కొవ్వొత్తుల మసి వదిలింది. మసిలోంచి ముల్లంగి బయటపడింది. అంతవరకు అతను దాన్ని దేవదూత తల అనుకుంటున్నాడు. ఇప్పుడు చూస్తే ముల్లంగి, అదీ ఆకులు కిందికి. వెనక్కి తిప్పి చూశాడు. తగిలించే ఇనుప ఉంగరం దుంప తోకవైపు బిగించి ఉంది. తన ముందు పనిచేసిన ముసలాయనకు చివరి రోజుల్లో చూపు ఆనేది కాదని విన్నాడు. పాపం, తెలియక బిగించి ఉంటాడు, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు కాబోలు, రేపు బిషప్‌గారి కంటబడితే ఊరికే చిన్నతనం అనుకున్నాడు. ఉంగరం ఊడదీసి ఆకులవైపు బిగించాడు. నిచ్చెన ఎక్కి డాలు తగిలించాడు. ఇప్పుడు ముల్లంగి దేవుడు పుట్టించిన తీరుగా, ఆకులు పైకి పెట్టుకుని కళకళలాడింది. వెండెలిన్ తృప్తిగా దిగివెళ్ళి ప్రాంగణంలో పూలమొక్కలకు నీళ్ళు పోసుకున్నాడు.

కోటలో పన్ను ఊడి వచ్చింది. దానితోపాటు కాసిమిర్ దొర గొంతులోంచి ఒక కేక కూడా వచ్చింది. కిందనున్న ఆవులు తలెత్తాయి. కేక పూర్తయ్యాక దొర బల్తాసర్ చెయ్యి పట్టుకున్నాడు.

“ఈ గదిలో ఏం జరిగిందో ఒక్క పురుగుకి కూడా చెప్పకూడదు. ప్రమాణం చెయ్యి.”

“మా అమ్మ మీద ఒట్టు, దొరగారూ. నా నోటినుంచి ఒక్క మాట రాదు.”

నోట్‌బుర్గ తెల్లని గుడ్డతో ఆయన దవడను కింద నుంచి నడినెత్తి దాకా ఎత్తి కట్టింది. వెలుతురు గుచ్చుకుంటోందంటే కిటికీలన్నీ మూసింది. రేగుపళ్ళ సారాయి ఒక గ్లాసు పోసింది. దొర అది తాగి, రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుని, చలనంలేకుండా నిద్రపోయాడు.

ఈలోగా రొట్టెలవారి కోర్డులమ్మ పువ్వులు సర్దడానికి చర్చికి వెళ్ళింది. తలెత్తి చూసింది. చేతిలో పూలబుట్ట కింద పడింది. మరుక్షణం వీధిలో ఉంది. అక్కడ బల్తాసర్ ఎదురయ్యాడు. చొక్కా చేతులకు రక్తం, మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

“బల్తాసర్! కోట నుంచేనా? దొరగారు...?”

“నన్నడగొద్దు, కోర్డులమ్మా. మాటిచ్చాను.”

“బాధపడ్డారా?”

బల్తాసర్ అబద్ధమాడలేని మనిషి కాబట్టి కళ్ళు మూసుకుని గట్టిగా నిట్టూర్చాడు. కోర్డులమ్మకు అది చాలు. ఆమెకు తెలిసింది వీధికి తెలియడానికి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినంతసేపే పట్టింది.

ఫాదర్ ఎమెరిక్ తొందరపడే మనిషి కాడు. ముందు చర్చికి వెళ్ళి డాలు చూశాడు. వెండెలిన్‌ను పిలిచాడు.

“ఇది ఎవరు చెయ్యమన్నారు?”

“కోటనుంచి నోట్‌బుర్గమ్మే వచ్చి దింపించిందండి, ఫాదర్. సరిగ్గా తగిలించమని మరీ మరీ చెప్పింది.”

ఫాదర్ అప్పటికీ తొందరపడలేదు. కోట గేటుదాకా నడిచి వెళ్ళాడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వంటింటి తలుపు సందులోంచి చూస్తే నోట్‌బుర్గ బల్లమీదకు వంగి, ముక్కు ఎగబీలుస్తూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె రేపటి విందుకు ఘాటుదుంప తురుముతోంది. ఆ దుంప తురిమేటప్పుడు ఏడవనివాళ్ళు ఆ దేశంలో లేరు. కాని ముందున్న దుంప ఫాదర్‌కు కనపడలేదు. చివరి ఘడియల్లో కూడా దొర తనను పిలిపించలేదన్న బాధ మాత్రం ఆయన గుండెలో కలుక్కుమంది. పిలవని ఇంట్లోకి వెళ్ళకూడదని వెనక్కి తిరిగాడు. మధ్యాహ్నం పోయినవారి ప్రార్థనకు పెద్ద గంట కొట్టమన్నాడు. దొరకు ఒక తమ్ముడున్నాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎత్తని పేరు ఎలా తెలుస్తుంది? ఆ తమ్ముడి జాడ ఊళ్ళో తెలిసింది పోస్టుమాస్టరు ఒక్కడికే. ఆయన తన సొంత బాధ్యత మీద ఆల్ట్‌మార్క్ట్‌కు ఒక టెలిగ్రాం కొట్టాడు. టెలిగ్రాంలో ఎక్కువ మాటలు లేవు. ‘డాలు తిప్పేశారు.’

హోల్‌బాఖ్‌లో చావింట పలకరింపు ఉండదు. ఏదో ఒకటి వండి తెచ్చి, బల్లమీద పెట్టి, తల వంచి వెళ్ళిపోవాలి. ఆ రోజు అందరి ఇళ్ళలోను బిషప్‌గారి కోసం చేసిన పిండివంటలు ఉండనే ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి పెట్టి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్రోటు రొట్టెలు, గసగసాల చుట్టలు, పంది కొవ్వు అప్పాలు. నోట్‌బుర్గ కళ్ళనీళ్ళతోనే అందరికీ తల ఊపింది. బిషప్ వస్తే ఊరికి ఇంత భక్తి పుట్టిందేమిటా అనుకుంది. ఎవరూ నోరు విప్పకపోవడం మాత్రం, పోయిన ఏడాది తాను వాళ్ళ రొట్టెలకు పెట్టిన వంకలకు అలగడం అనుకుంది.

పెద్ద గంట చప్పుడుకు కాసిమిర్ దొర ఉలిక్కిపడి లేచాడు. ఆ గంట కొట్టేది రెండు సందర్భాల్లోనే. కోటలో ఎవరైనా పోతే, లేదా బిషప్ వస్తే. కోటలో ఎవరూ పోలేదని ఆయనకు బాగా తెలుసు.

“నోట్‌బుర్గా! బిషప్ ఈరోజే వచ్చేశాడు! నల్లకోటు తే!” అని కట్టులోంచి గొణిగాడు.

“అందుకేనన్నమాట ఊరంతా తెచ్చి పడేస్తున్నారు! ఆగండి, ఆ కట్టు విప్పండి. చూడ్డానికి బాగాలేదు.”

“విప్పితే దవడ ఊడి బిషప్ ఒళ్ళో పడుతుంది. కోటు తే.”

కోటనుంచి చర్చికి ఒక దగ్గరిదారి ఉంది. అది చర్చి లోపల, గోడకు పైన బాల్కనీలా ఉన్న చిన్న అరుగులోకి తెరుచుకుంటుంది. రూబెనెగ్ వాళ్ళు తరతరాలుగా కూర్చునేది అక్కడే. దొర ఆ తలుపు మెల్లగా తోసుకుని వచ్చి కిందికి చూశాడు. ఊరంతా ఉంది. అందరూ నల్లబట్టల్లో మోకాళ్ళమీద ఉన్నారు. మధ్యలో శవపేటిక పెట్టే పీట ఖాళీగా, నల్లగుడ్డ కప్పి ఉంది, దాని నాలుగు మూలలా కొవ్వొత్తులు. బిషప్ మాత్రం ఎక్కడా లేడు. దొర అలవాటుకొద్దీ ఎదురుగా అరుగును ఆనుకున్నట్టున్న స్తంభం మీది డాలు వైపు చూశాడు.

ఆకులు పైకి ఉన్నాయి.

ఆయన అరుగు అంచు పట్టుకున్నాడు. మొదట, పోయింది తనేనేమో అని అనుమానం వచ్చింది. పన్ను పీకిన చోట సలుపుతోంది కాబట్టి ఆ అనుమానం తీరింది. మరి డాలు ఎందుకు తిప్పారు? వంశంలో ఎవరూ మిగలకపోతేనే తిప్పుతారు. తనున్నాడు. ఉన్నా, పెళ్ళీ పిల్లలూ లేని ముసలివాడు, ఒక లెక్కలోవాడు కాడు. ఇంతకాలం ఆ డాలు నిటారుగా నిలబడింది తన వల్ల కాదు, ఎక్కడో ఆల్ట్‌మార్క్ట్‌లో ఉన్న మరొకడి వల్ల. ఇప్పుడు తిరగబడిందంటే ఆ మరొకడు లేడన్నమాట. ఈ పీట, ఈ కొవ్వొత్తులు, ఈ గంట అన్నీ వాడికే.

కాసిమిర్ దొర మోకాళ్ళమీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా గొంతులో ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

“రూప్రెక్ట్! ఒరేయ్ తమ్ముడూ! దొర్లితే దొర్లాయిరా పీపాలు! నాదే తప్పురా!”

నిశ్శబ్దంగా ఉన్న చర్చిలో ఆ గొంతు పైనుంచి వినబడింది. ఊరంతా తలెత్తింది. పైన అరుగుమీద నల్లకోటు, తెల్లని మొహం, శవానికి కట్టినట్టు దవడకు కట్టు. కన్నీళ్ళు కారుస్తూ కాసిమిర్ దొర. కోర్డులమ్మ ఒక్క కేక పెట్టి ముందు వరస మీద వాలిపోయింది. ఫాదర్ ఎమెరిక్ పవిత్రజలం తీసుకుని పైకి చల్లాడు గాని, అది అంత ఎత్తుకు అందక తిరిగి ఆయన మీదే పడింది.

“నేనేం చెప్పలేదు, దొరగారూ!” అని వెనకనుంచి బల్తాసర్ అరిచాడు. “మాట మీదే నిలబడ్డాను! ఒట్టు!”

సరిగ్గా అప్పుడే చర్చి పెద్దతలుపు భళ్ళున తెరుచుకుంది. లావుపాటి మనిషి ఒకడు చెమటలు కక్కుతూ లోపలికి దూసుకొచ్చాడు. వెనకాల వరసగా నలుగురు మగపిల్లలు, అందరూ మీసాలొచ్చినవాళ్ళే. వాళ్ళతోపాటు ఘాటైన పులుపు వాసన ఒకటి వచ్చి చర్చినిండా పరుచుకుంది. ఆ మనిషి ఎవరివంకా చూడలేదు. స్తంభానికి ఆనించిన నిచ్చెన మీద కాలు పెట్టాడు.

“ఎవడ్రా మా డాలు తిప్పింది? నేను బతికుండగా, నలుగురు కొడుకులుండగా తిప్పే మొనగాడు ఎవడు? మా అన్నయ్య...” ఒక మెట్టు మీద ఆగాడు. “మా అన్నయ్య పోతే నాకు మనిషిని పంపలేదు. ఆయన కోపంలో నన్ను తన లెక్కలోంచి కొట్టేస్తే కొట్టేశాడు, అది అన్నదమ్ముల గొడవ. వంశంలోంచి కొట్టెయ్యడానికి మీరెవరు?”

నిచ్చెన చివరికి వచ్చేసరికి అతని మొహం పై అరుగుకు సమానంగా వచ్చింది. అక్కడ కట్టుకట్టిన మొహం ఒకటి అతనివైపే చూస్తోంది.

“నువ్వు పోలేదురా?” అన్నాడు కాసిమిర్ దొర.

“నువ్వు పోలేదా?” అన్నాడు రూప్రెక్ట్. “టెలిగ్రాం వస్తే, బండిగుర్రాన్ని చచ్చేట్టు తోలుకుని వచ్చాను కదా!”

“శ్రమ పెట్టానురా.”

“మరి ఆ కట్టేమిటి?”

“పన్ను.”

రూప్రెక్ట్ నిచ్చెన మీదే కూర్చోబోయి, కూర్చోడానికి చోటులేక, రెండు చేతులూ చాచి అన్నను అరుగు మీదుగా కౌగిలించుకున్నాడు. నిచ్చెన ఊగింది. కింద నలుగురు కొడుకులు దాన్ని పట్టుకున్నారు. దొర తమ్ముడి భుజం మీదుగా వాళ్ళను చూశాడు. నలుగురికీ గాట్‌షాల్క్ నాటి రూబెనెగ్ ముక్కే, కొంచెం ఎడమవైపుకు వంగి.

“వీళ్ళంతా?”

“నీ కొడుకులే అనుకో. ఒరేయ్, పెదనాన్నకి దణ్ణం పెట్టండి. వాడు హార్ట్‌విగ్, వాడు లుడోల్ఫ్, మూడోవాడు కాసిమిర్, ఆఖరివాడు...”

“కాసిమిరా? మూడోవాడికి పెట్టావేం, నా పేరు?”

“మొదటి ఇద్దరూ పుట్టేనాటికి ఇంకా కోపం తగ్గలేదు,” అన్నాడు రూప్రెక్ట్.

అప్పటికి ఊరు తేరుకుంది. పోయినవాళ్ళెవరూ లేరని తెలిసింది గాని, డాలు ఎందుకు తిరిగిందో తెలియలేదు. ఫాదర్ ఎమెరిక్ తడిసిన జుట్టుతో వెండెలిన్ వైపు చూశాడు. వెండెలిన్ ముందుకు వచ్చాడు. భయపడినట్టు లేడు, తప్పు చేయనివాడు ఎందుకు భయపడాలి?

“నేనే తగిలించానండి. సరిగ్గానే తగిలించాను. మఠంలో చిన్నప్పటినుంచీ కూరగాయల తోట చేసినవాణ్ణి. ఆకులు కిందికి పెరిగే ముల్లంగిని నేనెక్కడా చూడలేదు.”

“అది పెరిగే ముల్లంగి కాదురా, కొట్టే ముల్లంగి!” అని అన్నదమ్ములిద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.

అరిచి, ఒకరివంక ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళ తరువాత వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అది. రూప్రెక్ట్ డాలును స్తంభం మీంచి తీసి అన్నకు అందించాడు. కాసిమిర్ దొర తన చేత్తోనే ఉంగరం ఊడదీసి తోకవైపు బిగించాడు. మూడోవాడు అరుగు ఎక్కివచ్చి డాలు పట్టుకున్నాడు. డాలు మళ్ళీ స్తంభానికి ఎక్కింది, ఆకులు కిందికి. చర్చిలో ఎవరో చప్పట్లు కొట్టబోయి, కొవ్వొత్తులు చూసి మానేశారు.

ఆ మధ్యాహ్నం కోటలో కుర్చీలు చాల్లేదు. ఊరు చావుకని తెచ్చిన పిండివంటలు వెనక్కి తీసుకువెళ్ళడానికి ఎవరికీ మనసొప్పలేదు, వదిలివెళ్ళడానికీ ఒప్పలేదు. అందుకని అందరూ అక్కడే కూర్చుని తిన్నారు. రూప్రెక్ట్ పెద్దకొడుకులు ఇద్దరూ ద్రాక్షసారా కోసం నేలమాళిగలోకి దిగారు. సారాతోపాటు ఒక పీపాను కూడా దొర్లించుకుంటూ పైకి వచ్చారు.

“నాన్నా, ఇది మనదే! గోడవైపు మొహం తిప్పి పెట్టి ఉంది!”

దొర కట్టుకింద నుంచి నోట్‌బుర్గను చూశాడు. ఆమె ఘాటుదుంప లేకపోయినా ఎర్రబడింది.

“అలా చూస్తారేం? పోస్టుమాస్టరు ద్వారా తెప్పిస్తున్నాను, ఏళ్ళబట్టీ. మీరు వేరేది నోట పెట్టరు. చిన్నదొరగారంత బాగా ఈ చుట్టుపట్ల పులియబెట్టేవాళ్ళు ఎవరున్నారు? నా చెయ్యి, నా చెయ్యి అని మీరంటుంటే ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నానో.”

గదిలో అందరూ తినడం ఆపారు. కాసిమిర్ దొర లేచి పీపా దగ్గరికి వెళ్ళాడు. దాన్ని నిలబెట్టించాడు. చెక్కలో కాల్చి వేసిన గుండ్రటి ముద్ర మీద చెయ్యి వేసి తడిమాడు. దుంప పైకి ఉంది. ఆకులు కిందికి ఉన్నాయి.

“పీపా మీదైనా ముద్ర తప్పుగా వేస్తానా, అన్నయ్యా?” అన్నాడు రూప్రెక్ట్ మెల్లగా.

“ఇంకాస్త తురుము పెట్టు, నోట్‌బుర్గా,” అన్నాడు దొర. కళ్ళు తుడుచుకుని, పన్ను నొప్పి అన్నాడు. “ఒరేయ్ రూప్రెక్ట్, మాళిగలోకి దించేటప్పుడు మాత్రం దీన్ని దొర్లించొద్దు. మోసుకెళ్ళండి.”

ఆదివారం బిషప్‌గారు వచ్చారు. పైన అరుగుమీద రూబెనెగ్ వాళ్ళు ఆరుగురు ఒకరిమీద ఒకరు పడేంత ఇరుగ్గా కూర్చున్నారు. పిల్లలందరికీ ఆశీర్వాదాలు అయ్యాయి. కడిగిన డాలు మీద ఎండ పడి తళతళా మెరుస్తోంది. బిషప్‌గారు దానివైపు చాలాసేపు చూసి, కనుబొమలు ముడిచి, వెండెలిన్‌ను వేలితో పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పారు.

“నాకూ అదే అనిపించిందండి, ఏలినవారూ,” అన్నాడు వెండెలిన్, “కాని నిచ్చెనను నిన్న కోటలో పెట్టి తాళం వేసుకున్నారు.”